వెంచర్ వేసే అన్నలూ, తుపాన్లు రాకముందే వంక చూసుకోండి

మొన్న రాత్రి అనంతపురం శివార్లలో రెండు గంటలు వాన దంచింది. తెల్లారేసరికి ఒక కొత్త వెంచర్ ప్రహరీ కూలి, పక్క కాలనీలో మోకాలి లోతు నీళ్లు. ఆ గోడ వంకకు, అంటే వాననీళ్లు పారే వాగుకు, అడ్డంగా కట్టారు. ఊరి గుడికి రంగులు వేయించింది, చవితి మండపానికి లక్ష చందా రాసిందీ ఆ వెంచర్ వాళ్లే, అయినా ఇప్పుడు ఊరంతా వాళ్ల గేటు ముందే కూర్చుంది. అసలు తుపాన్లు అక్టోబరు, నవంబరుల్లో ఉన్నాయి, ఇంకా రాలేదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, రోడ్ల వెడల్పు మీకు తెలిసినవే. పదిహేనేళ్లుగా లేఅవుట్ సర్వేలు చేస్తున్నా, బాగా బతికినోళ్లు మునిగింది ఒక్క తప్పుతోనే: ఒకవైపు వంక పూడ్చి, మరోవైపు ఊరికి గుడి కట్టించడం.

మన సీమలో వంక ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి, కంపచెట్లతో ఖాళీ జాగాలా కనిపిస్తుంది. నాలుగు ప్లాట్లు పెరుగుతాయి కదా అని ఆశ పుడుతుంది. 2020 నవంబరులో నివర్ తుపానుకు కడపలో బుగ్గవంక, 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక కాలనీలను ముంచేశాయి. వంక తన దారి మర్చిపోదు, మర్చిపోయేది మనమే. అందుకే ఊరికోసం తీసే మొదటి రూపాయి వంకకు పెట్టండి, స్వాగత తోరణం సంగతి తర్వాత.

ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకంలో, వంక గీత చూడండి. గీత లేకపోయినా నమ్మొద్దు, ఊర్లో ముసలి గొర్రెలకాపరిని వెంటబెట్టుకుని నడవండి, నీళ్లు ఎటు పారతాయో ఆయనకు కాగితం కన్నా బాగా తెలుసు.

జేసీబీ ఎలాగూ సైట్లో ఉంటుంది, రెండు రోజులు వంకలో కంప తీయించండి, చెరువు మరవ (నిండితే నీళ్లు పొర్లే అలుగు) బాగు చేయించండి. కానీ పంచాయతీ తీర్మానం, ఇరిగేషన్ అనుమతి లేకుండా చెరువులో బకెట్ దించితే మట్టి దొంగ అనే పేరొస్తుంది.

వంక దాటే దారి కింద ఒక్క పైపు వేసి చేతులు దులుపుకోవద్దు, కంప కొట్టుకొచ్చి మూసుకుపోతుంది, స్లాబు కల్వర్టు కట్టండి.

ఊరి తాగునీటి బోరు పక్కన మీ బోరు దించొద్దు. 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా వేయకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టంలోనే ఉంది.

గొర్రెల దారి మూయొద్దు. అమ్ముడుపోని మూల ముక్కను పార్కని చూపించొద్దు. కోనోకార్పస్ చెట్లు వద్దు, కానుగ, వేప నాటండి. గోడ పనికి, కాపలాకి ఊరోళ్లనే పెట్టుకోండి, కూలి వారం వారం ఇవ్వండి. బడి కట్టిస్తాం, ఆసుపత్రి తెస్తాం అని మైకులో చెప్పొద్దు, చేయగలిగిందే పంచాయతీ తీర్మానంలో రాయించండి. వంక పూడ్చొద్దు. పూడ్చి ఉంటే తవ్వి తీయండి. ప్రహరీ పునాది వంక వైపు తీసి ఉంటే, మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేసి పని ఆపించండి.