విడాకుల తరువాత గ్రీన్ కార్డు: పాత క్రిమినల్ కేసు ఉన్నవారు చేయవలసిన పనులు

అమెరికా పౌరులను పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డు పొందినవారు విడాకుల దాకా వచ్చినప్పుడు మొదట చూసుకోవలసింది ఆ కార్డు ఎన్నేళ్లది అన్న సంగతి. పదేళ్ల కార్డు ఉండి, పెళ్లి నిజమైనదే అయితే విడాకులతో నివాస హక్కు పోదు. పౌరసత్వానికి మూడేళ్లకు బదులు ఐదేళ్లు ఆగవలసి వస్తుంది. హోదా వచ్చే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండనివారికి మాత్రం షరతులతో కూడిన రెండేళ్ల కార్డే ఇస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంటుంది. హెచ్-1బి వంటి ఉద్యోగ వీసా ఉన్నవారి భార్య లేదా భర్తకు ఇచ్చే హెచ్-4 మీద ఉన్నవారి హోదా పూర్తిగా జీవిత భాగస్వామి హోదా మీదే ఆధారపడి ఉంటుంది కనుక ఇక్కడ చెప్పేది వారికి వర్తించదు.

ఆ షరతులు తొలగించమని కోరే దరఖాస్తు ఐ-751. మామూలుగా కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి వేయాలి. విడాకులు పూర్తయితే, కలిసి వేయాలన్న నియమం నుంచి మినహాయింపు కోరుతూ ఒక్కరే వేయవచ్చు, అందుకు ఆ 90 రోజుల నియమం వర్తించదు. ఇద్దరూ కలిసి వేశాక విడిపోతే, డిక్రీ జతచేసి ఆ దరఖాస్తునే మినహాయింపు కిందికి మార్చమని రాతపూర్వకంగా కోరాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నవారు తుది డిక్రీ ధ్రువీకృత ప్రతిని తెప్పించుకోవాలి, అది తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కూడా జతచేయాలి.

మినహాయింపు నిలబడాలంటే పెళ్లి గ్రీన్ కార్డు కోసం జరగలేదని చూపించాలి. పెళ్లి ఫోటోల ఆల్బమ్ కన్నా ఇద్దరి పేర్ల మీద ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి పన్ను రిటర్నులు, బ్యాంకు ఖాతా లావాదేవీలు, బీమా కాగితాలు ఎక్కువ బలమైనవి. విడాకుల పిటిషన్‌లో రాసిన మాటలను అధికారి చదివే అవకాశం ఉందని చాలామందికి తట్టదు. కార్డు కోసమే పెళ్లి చేసుకున్నారని ఎదుటివారు ఆరోపించినప్పుడు, త్వరగా తెగిపోతే చాలునని జవాబు ఇవ్వకుండా వదిలేస్తే, ఆ ఆరోపణే రికార్డులో మిగిలిపోతుంది.

ఇక పాత కేసు. ఐ-751 కోసం వేలిముద్రలు తీసుకుంటారు కనుక అరెస్టును దాచడం సాధ్యం కాదు, దాస్తే నేరం కన్నా అబద్ధమే పెద్ద సమస్యగా మారుతుంది. అమెరికాలో గానీ బయట గానీ జరిగిన అరెస్టులు, అభియోగాల గురించి ఆ ఫారం అడుగుతుంది. అందువల్ల మన దేశంలో భార్యను వేధించారంటూ నమోదైన 498ఎ కేసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. కేసును హైకోర్టు కొట్టివేసి ఉంటే ఆ ఉత్తర్వు ప్రతిని దగ్గర ఉంచుకోవాలి. ప్రతి కేసుకూ అది చివరకు ఎలా ముగిసిందో చూపే ధ్రువీకృత పత్రాన్ని కోర్టు క్లర్కు కార్యాలయం నుంచి తీసుకోవడం మొదటి పని.

'కేసు కొట్టేశారు కదా' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఉదాహరణకు టెక్సాస్‌లో నేరం ఒప్పుకుని, ప్రొబేషన్ పూర్తిచేస్తే, డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషి అన్న తీర్పును వాయిదా వేసే పద్ధతి) కింద కేసు కొట్టివేస్తారు. రాష్ట్ర చట్టం దృష్టిలో అది దోష నిర్ధారణ కాకపోయినా, నేరాంగీకారంతో పాటు ఏదో ఒక ఆంక్ష విధించినట్లయితే ఇమిగ్రేషన్ చట్టం దానిని దోష నిర్ధారణగానే చూస్తుంది. రికార్డు చెరిపించుకున్నా సాధారణంగా ఫలితం మారదు. దుకాణంలో దొంగతనం వంటి నైతిక పతనాన్ని సూచించే నేరం అమెరికాలో ప్రవేశం పొందిన ఐదేళ్లలోపు జరిగి, దానికి ఏడాది లేదా అంతకు మించిన శిక్ష పడే అవకాశం ఉంటే, ఆ ఒక్కటే బహిష్కరణకు కారణం కావచ్చు. పడిన శిక్ష ఎంత అన్నది ఆ లెక్కలో ముఖ్యం కాదు. కాలిఫోర్నియా తన చిన్న నేరాల గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించింది ఇందుకే. గృహ హింస, మాదకద్రవ్యాల కేసులకు ఐదేళ్ల పరిమితి కూడా లేదు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఒకేసారి దొరికిన కేసు ఒక్కటే బహిష్కరణ నుంచి మినహాయింపు. విడాకుల వ్యాజ్యంలో రక్షణ ఉత్తర్వు ఉన్నప్పుడు, మాట్లాడరాదన్న నిబంధనకు విరుద్ధంగా పంపిన ఒక్క వాట్సాప్ సందేశం కూడా ప్రమాదం తెచ్చిపెడుతుంది.

అందుచేత క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకునే ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదికి చూపించాలి. 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా కేసులో, బహిష్కరణ ప్రమాదం గురించి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని తేల్చింది. అలా చెప్పకపోయి ఉంటే పాత ఒప్పుకోలును తిరగదోడే వీలు ఉందేమో అడగవచ్చు. పాత కేసు తేలేదాకా ఇండియా ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కొన్ని నేరాల విషయంలో గ్రీన్ కార్డు ఉన్నవారిని కూడా విమానాశ్రయంలో కొత్తగా ప్రవేశం కోరేవారిగా పరిగణిస్తారు.

ఇల్లు మారినప్పుడు పది రోజుల్లోగా ఈ దరఖాస్తులను చూసే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు కొత్త చిరునామా తెలియజేయాలి. మరిన్ని ఆధారాలు కోరే నోటీసు మాజీ భర్త లేదా భార్య ఇంటికి చేరి గడువు దాటితే దరఖాస్తును తిరస్కరిస్తారు. తిరస్కరించినా హోదా విషయాన్ని ఇమిగ్రేషన్ న్యాయమూర్తి ముందు మళ్లీ వాదించుకోవచ్చు. ఐదేళ్లుగా శాశ్వత నివాసిగా ఉండి, ప్రవేశం పొందాక ఏడేళ్లు నిరంతరంగా నివసించి, తీవ్ర నేరాల జాబితాలోని నేరంలో దోషిగా తేలనివారు బహిష్కరణ రద్దు కూడా కోరవచ్చు.