కాళ్లు కోసే ముందు మోచేతిని కొలవండి

మా అమ్మాయి రాసుకునేటప్పుడు భుజాలు రెండూ పైకి లాక్కుని కూర్చునేది. అలవాటేమో అనుకున్నాను. ఒకరోజు టేపు పెట్టి చూస్తే బల్ల తన మోచేతికన్నా 7 సెంటీమీటర్లు ఎత్తుంది. ఆ బల్ల నేను చేసిందే. అందుకే రెండోసారి చెక్క ముట్టుకోకముందే పిల్లను కొలిచాను. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

రోజూ వాడే కుర్చీలోనే కూర్చోబెట్టండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. భుజాలు వదులుగా ఉంచి చెయ్యి మడిస్తే, నేల నుంచి మోచేతి అడుగు వరకు ఎంత వస్తే బల్ల అంత ఎత్తు ఉండాలి. మా అమ్మాయికి 66 సెంటీమీటర్లు వచ్చింది. అందులో పైన వేసే పలక మందం 2.5, కాలిని పలకకు బిగించే ఇనప ప్లేటు మందం 0.3 తీసేస్తే కాలి పొడవు 63.2. రెడీమేడ్ కాళ్లు చాలావరకు 70, 71 ఉంటాయి కాబట్టి కోసుకోవడానికి వీలైన చెక్క కాళ్లే తెచ్చుకోండి. నాలుగూ పక్కపక్కన పేర్చి, గట్టిగా కట్టి, మూలమట్టంతో ఒకే గీత గీసి కోయండి. విడివిడిగా కొలిచి కోస్తే ఏదో ఒకటి పొట్టిదవుతుంది.

పలకకు 120 × 60 సెంటీమీటర్లు సరిపోతుంది. 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నాకు ఇష్టం. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు వద్దంటాను. స్క్రూ రెండుసార్లు ఊడదీసి బిగిస్తే చాలు, బెజ్జం పొడిపొడి అయిపోతుంది.

అసలు పని స్క్రూల దగ్గరే ఉంది. మొదటి బల్లకు 30 మిల్లీమీటర్ల స్క్రూ వాడితే, సరిగ్గా పుస్తకం పెట్టుకునే చోట మొన పైకి పొడుచుకొచ్చింది. ఇప్పుడు 20 వాడతాను. 3 ప్లేటులో పోయి, 17 చెక్కలో దిగుతుంది, పైన 8 మిగులుతుంది. ముందు బెజ్జం వేయాలి. 4 మిల్లీమీటర్ల స్క్రూకి 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ చాలు. బిట్‌కి మొన నుంచి 15 మిల్లీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టండి. టేపు చెక్కను తాకగానే ఆపేయాలి. స్క్రూ బిగించేటప్పుడు చివరి రెండు చుట్లు మెషీన్‌తో కాకుండా చేత్తో తిప్పండి. బిగువు మణికట్టుకు తెలుస్తుంది.

కాళ్లకు నడుమ, పలక అడుగున, పొడుగునా ఒక బద్ద వేస్తే పలక మధ్యలో కిందికి వంగదు. 5 × 2.5 సెంటీమీటర్ల బద్దను పడుకోబెట్టకుండా నిలబెట్టి వేయండి. అదే చెక్క నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది. దీనికి 65 మిల్లీమీటర్ల స్క్రూలు కావాలి, 50 బద్దలోనే పోయి 15 మాత్రమే పలకలో దిగుతుంది. బల్ల ఇంకా అటూ ఇటూ ఊగితే వెనక కాళ్లు రెండింటినీ కలుపుతూ ఓ వెడల్పాటి పలక బిగించండి.

ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, ఆపైన 220. ముందు అంచును మాత్రం ఓపిగ్గా గుండ్రం చేయండి, గంటల తరబడి ముంజేతులు ఆనేది అక్కడే. వార్నిష్ అడుగు వైపు కూడా వేయాలి. ఒక వైపే వేస్తే తేమ రెండో వైపు నుంచి ఎక్కి పలక వంకర తిరుగుతుంది.

తలకిందులుగా ఉన్న బల్లను నిలబెట్టేటప్పుడు ఇద్దరు కలిసి ఎత్తి తిప్పండి. ఒక్కరే పక్కకు వాల్చి లేపితే బరువంతా రెండు కాళ్ల మీద పడి స్క్రూలు వదులవుతాయి. వారం వాడాక అన్నింటినీ మరోసారి బిగించండి.