రాస్ప్‌బెర్రీ పైతో మిల్లింగ్ యంత్రం నడపడం ఎలా? అసలు పనంతా మధ్య బోర్డు దగ్గరే

బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపుల్లో పాత మిల్లింగ్ యంత్రాలకు స్టెప్పర్ మోటార్లు (ఒక్కో విద్యుత్ పల్సుకు ఒక్కో మెట్టు తిరిగేవి) బిగించి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుతో నడిపించాలని చూసేవాళ్ళు పెరిగారు. యంత్రం వైపు పని చక్కగా చేస్తారు. 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్న ప్రాంతంలో స్క్రూ, బేరింగ్, అలైన్‌మెంట్ గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. కానీ కంప్యూటరుకూ మోటారు డ్రైవరుకూ మధ్య ఉండాల్సిన బోర్డును మాత్రం అదనపు ఖర్చు అనుకుని వదిలేస్తారు. ఖాళీగా తిప్పినప్పుడు యంత్రం బాగానే తిరుగుతుంది. కోత మొదలవగానే కొలత తప్పుతుంది. అప్పుడు నింద బల్లను కదిలించే బాల్‌స్క్రూ మీద వేస్తారు.

సామాను: రాస్ప్‌బెర్రీ పై 4 (ఇక ముందు దీన్నే 'పై' అంటాను), దానికి నాణ్యమైన 5 వోల్టుల సప్లై, మోటార్లను తిప్పే డీఎం542 తరహా డ్రైవర్లు, వాటికి 36 వోల్టుల సప్లై, స్విచ్‌లకు విడిగా 24 వోల్టుల సప్లై, ఒక 74హెచ్‌సీటీ245 చిప్పు, పీసీ817 ఆప్టోకప్లర్లు (వైరు కలపకుండా వెలుతురు ద్వారా సంకేతం దాటించేవి), షీల్డు ఉన్న కేబులు, స్క్రూ టెర్మినళ్ళు. ఎలక్ట్రానిక్స్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ప్యానెల్ పెట్టె, కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్), ఎమర్జెన్సీ స్విచ్ రాణీగంజ్‌లో తీసుకోండి. పై 5 కొనకండి. అందులో పిన్నులు ఆర్‌పీ1 అనే వేరే చిప్పు అధీనంలో ఉంటాయి, పై 4 కోసం రాసిన డ్రైవర్ ప్రోగ్రాములు దాని మీద ఉన్నవి ఉన్నట్టు పనిచేయవు.

యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము లైనక్స్‌సీఎన్‌సీని రియల్‌టైమ్ కెర్నెల్‌తో మెమరీ కార్డులోకి ఎక్కించి, కంప్యూటరు స్పందన ఎంత ఆలస్యమవుతుందో చెప్పే లేటెన్సీ పరీక్షను ఓ గంట నడవనివ్వండి. ఆ గంటలో బ్రౌజర్ తెరవండి, ఫైళ్ళు కాపీ చేయండి. ఏ పనీ చెప్పకుండా తీసిన అంకె నమ్మదగినది కాదు.

మోటారుకు చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు 8 మైక్రోస్టెప్పులు, స్క్రూకు 5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) అనుకుంటే మిల్లీమీటరుకు 320 పల్సులు అవుతాయి. నిమిషానికి 3,000 మిల్లీమీటర్ల వేగం కావాలంటే సెకనుకు 16,000 పల్సులు. పై నేరుగా పిన్నుల మీద పుట్టించే పల్సులకు ఇదే గరిష్ఠం అనుకోండి. అంతకు మించి కావాలంటే పల్సులను తానే పుట్టించే మెసా 7సీ81 వంటి కార్డు పెట్టాలి, పై దానికి ఆజ్ఞలు మాత్రమే పంపుతుంది. నిజానికి బతుకుతెరువు కోసం నడిపే యంత్రానికి మొదటి రోజు నుంచే అలాంటి కార్డు ఉండాలని నా అభిప్రాయం. చిన్న సీఎన్‌సీ రౌటరు యంత్రానికి కింద చెప్పే బోర్డు చాలు.

ఇక జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడి నుంచి.

రాస్ప్‌బెర్రీ పై పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు. డీఎం542 పల్స్ ఇన్‌పుట్ అడిగేది 4 నుంచి 5 వోల్టులు. "డ్రైవరు లోపల ఆప్టో ఉంది కదా, నేరుగా కలపవచ్చు" అనే వాదన తరచూ వింటాను. ఆ ఆప్టోలోని ఎల్‌ఈడీ 3.3 వోల్టులకు అరకొరగా వెలుగుతుంది. కొన్ని పల్సులను గుర్తిస్తుంది, కొన్నిటిని గుర్తించదు. అందుకే ఆ సంకేతాన్ని 5 వోల్టులకు పెంచే 74హెచ్‌సీటీ245 చిప్పును మధ్యలో పెట్టాలి.

చిప్పు పేరులోని "టీ" అక్షరాన్ని వదలకండి. 74హెచ్‌సీ245 ఇచ్చి రెండూ ఒకటే అని దుకాణంలో చెబుతారు, ఒకటి కావు. 5 వోల్టుల మీద నడిచే హెచ్‌సీ చిప్పుకు సంకేతం "ఉంది" అని అర్థం కావాలంటే 3.5 వోల్టులు అందాలి. పై ఇచ్చేది 3.3 మాత్రమే. హెచ్‌సీటీకి 2 వోల్టులు చాలు. బల్ల మీద హెచ్‌సీ కూడా పనిచేస్తుంది, అందుకే జనం మోసపోతారు. స్పిండిల్ వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) నడవడం మొదలైతే ఆ విద్యుత్ అలజడిలో అది తడబడుతుంది. డబ్బు ఇచ్చే ముందు చిప్పు మీద అచ్చును కళ్ళతో చదవండి.

ఈ చిప్పు 1వ పిన్ను 5 వోల్టులకు, 10 గ్రౌండుకు, 20 కూడా 5 వోల్టులకు. 10, 20 మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్‌ను చిప్పుకు ఆనుకునేలా టంకం వేయండి. వాడని ఇన్‌పుట్లను గ్రౌండుకు కలపండి. బ్రెడ్‌బోర్డు మాత్రం వద్దు. యంత్రం కంపనానికి దాని పట్టు సడలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం 19వ పిన్ను. అది కిందికి, అంటే సున్నా వోల్టులకు, దిగితేనే చిప్పు సంకేతాలను బయటికి పంపుతుంది. దీన్ని గ్రౌండుకు శాశ్వతంగా కలిపేసిన బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. పై బూట్ అయ్యేటప్పుడు 0 నుంచి 8 వరకు జీపీఐఓలు (దాని సంకేత పిన్నులు) 3.3 వోల్టుల వైపు, అంటే పైకి, లాగి ఉంటాయి, మిగిలినవి కిందికి. సీరియల్ కన్సోల్ తెరిచి ఉంటే 14వ జీపీఐఓ బూట్ సందేశాలను పంపుతుంది. స్పిండిల్ రిలేను 5వ జీపీఐఓకు కలిపారనుకోండి, ప్రోగ్రాము ఇంకా మొదలు కాకముందే స్పిండిల్ తిరిగిపోతుంది. ఆ క్షణంలో టూల్‌ను పట్టి ఉంచే కొలెట్ బిగిస్తూ మనిషి చెయ్యి అక్కడే ఉండవచ్చు.

కాబట్టి 19వ పిన్నును 10 కిలోఓమ్‌ల రెసిస్టరుతో 3.3 వోల్టులకు లాగండి. 5 వోల్టులకు లాగితే ఆ వోల్టేజీ రాస్ప్‌బెర్రీ పై పిన్నుకు చేరుతుంది, ఆ పిన్నులు 5 వోల్టులను తట్టుకోలేవు. అదే 19వ పిన్నును 5 లేదా 6వ జీపీఐఓకు ఇవ్వండి. బూట్ సమయంలో అవి ఎలాగూ పైకే ఉంటాయి కనుక చిప్పు మూసుకునే ఉంటుంది. లైనక్స్‌సీఎన్‌సీలో మెషిన్ ఆన్ నొక్కినప్పుడే ఆ జీపీఐఓ కిందికి దిగేలా అమర్చండి. స్టెప్, డైరెక్షన్, రిలే సంకేతాలకు 9 దాటిన జీపీఐఓలే వాడండి, 14, 15 మినహా. ఆన్ చేసేటప్పుడు ముందు పై, చివర 36 వోల్టులు. ఆపేటప్పుడు దీనికి తిరగేసి.

లిమిట్ స్విచ్‌ల (బల్ల చివరికి చేరిందని చెప్పేవి) సంకేతాలు పీసీ817 ద్వారానే రావాలి, రాస్ప్‌బెర్రీ పై వైపు పుల్‌అప్ (సంకేతాన్ని పైకి లాగే రెసిస్టరు) 3.3 వోల్టులకే ఉండాలి. 24 వోల్టుల మైనస్‌ను పై గ్రౌండుకు కలిపితే ఆప్టో పెట్టిన ప్రయోజనమే పోతుంది. అన్ని సప్లైలూ ఆపి, ఆ రెంటి మధ్య మల్టీమీటరు పెట్టండి. బీప్ వస్తే ఎక్కడో, సాధారణంగా పెట్టె ఎర్త్ ద్వారా, రెండూ కలిసిపోయాయి. అది దొరికేదాకా ముందుకు వెళ్ళకండి. స్విచ్‌లన్నీ మామూలుగా మూసి ఉండే రకమే కావాలి, వైరు తెగితే యంత్రం ఆగాలి.

ఎమర్జెన్సీ స్విచ్ కాంటాక్టర్ ద్వారా 36 వోల్టులనూ స్పిండిల్‌నూ తెంచాలి. రాస్ప్‌బెర్రీ పైకి కబురు మాత్రం వెళ్తే చాలదు, పై హ్యాంగ్ అయిన రోజున ఆ కబురు వినేవాళ్ళు ఉండరు.

చివరి పరీక్ష టూల్ లేకుండా చేయండి. డయల్ గేజ్ ఆనించి, స్పిండిల్ తిప్పుతూ, బల్లను 100 మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ 50 సార్లు నడపండి. ముల్లు సున్నా నుంచి ప్రతిసారీ ఒకే వైపుకు కొంచెం కొంచెం జరుగుతుంటే పల్స్ అంచు తిరగబడింది, లేదా డైరెక్షన్ మారిన వెంటనే పల్స్ వెళ్తోంది. స్టెప్ పోలారిటీ మార్చి, డైరెక్షన్ సెటప్ సమయం పెంచండి. అటూ ఇటూ లెక్క లేకుండా ఊగితే అది విద్యుత్ అలజడి. షీల్డును ఒక చివరే ఎర్త్ చేసి, వీఎఫ్‌డీ కేబులును సిగ్నల్ వైర్లకు దూరంగా వేరే దారిలో లాగండి.