హంపీలో వంతులవారీగా ఎక్కుడు

తాడుతో బండలెక్కాలంటే కింద తాడు పట్టే మనిషి ఉండాలి. మా ఆయన తాడు పట్టుకుంటే మూడేళ్ల పిల్లను ఎవరు పట్టుకోవాలి? సెలవులొస్తే మా ఇంట్లో ఇదే తగవు. హంపీలో తీరింది. తుంగభద్రకు అవతల, ఆనెగొంది వైపు ఉన్న గ్రానైటు గుండ్లు బౌల్డరింగ్‌కు పేరుపడ్డవి: తాడుండదు, కింద మందపాటి పరుపు చాలు. డిసెంబరులో తెల్లవారగానే నేను వెళతాను. రాయి చల్లగా ఉంటేనే వేళ్లకు పట్టు. ఎండెక్కాక పిల్ల నా దగ్గర, సాయంత్రం ఎక్కడం ఆయన వంతు. ఒంటరిగా మాత్రం ఎక్కం. పడేవాళ్లను పరుపు మీదికి మళ్లించడానికి తోడుండాలి. సీజనులో తోటి ఎక్కేవాళ్లు దొరుకుతారు. పిల్ల వెంట వస్తే, పడే చోటుకు బాగా ఎడంగా కూర్చోబెడతాం. మధ్యాహ్నాలు పుట్టిలో షికారు, లేదా విరూపాక్షాలయం. పిల్లకు మా రాళ్లకన్నా గుడి ఏనుగే ముఖ్యం, న్యాయమే!