సామెతలు, పద్యపాదాలతో గడి ఆధారాలు రాయడం ఎలా?

గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) కూర్చేవాళ్ళకి తేలిగ్గా దొరికే సరుకు సామెత. తేలిగ్గా చెడిపోయేదీ అదే. "పొరుగింటి పుల్లకూర ____ (2)" అని ఆధారం (జవాబుని పట్టించే సూచన, చివరి అంకె జవాబు గళ్ళ లెక్క) ఇచ్చేస్తే పూరించేవాళ్ళకి పెన్ను తియ్యడం తప్ప పనేం ఉంటుంది? సామెత తెలిసినవాళ్ళు కూడా కాస్త తడుముకుని, ఆ తర్వాత "అదా!" అనుకోవాలి.

1. మాటను ఎంచుకోండి

సామెత మొత్తం గళ్ళలో పట్టదు కాబట్టి ఒక్క మాటే తీసుకుంటాం. దాన్ని తీసేస్తే సామెత కూలిపోవాలి. "చింత చచ్చినా పులుపు చావలేదు"లో పులుపు, మీసాలకు రాసే నూనెలో సంపెంగ అలాంటివి. కులాన్నీ ఆడవాళ్ళనీ వెక్కిరించే సామెతలు మనకి బోలెడున్నాయి, వాటి జోలికి పోకండి.

2. గళ్ళు లెక్కపెట్టండి

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి పజిల్‌లో గడికి ఒక ఇంగ్లీషు అక్షరం. మనకలా కాదు. ఒత్తు, గుణింతం, సున్న అన్నీ కలుపుకుని ఒక గడి. కత్తిపీట 4, సంపెంగ 3. పద్యాల దగ్గరే చిక్కు. మనం చుట్టం (2) అంటాం, సుమతీ శతకంలో "అక్కరకు రాని చుట్టము" (3). మనకి కర్పూరం (3), వేమనకి కప్పురంబు (4). పద్యంలో ఉన్న రూపమే కావాలంటే ఆధారంలో కవినో శతకాన్నో ప్రస్తావించండి, లేకపోతే పూరించేవాళ్ళు తిడతారు, తిట్టడంలో న్యాయమూ ఉంటుంది. "కాదోయ్" లాంటి పొల్లు మాటలు మొదట్లో వద్దు. పొల్లుకి విడిగా గడి ఇవ్వాలా వద్దా అన్న తగువు మీ నెత్తికెక్కుతుంది.

3. పాఠం సరిచూడండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. సామెత ఊరికో రకం. కందకు లేని దురద కొందరి నోట కత్తిపీటకి, ఇంకొందరి నోట బచ్చలికి. ఇక్కడ 4, 3 అన్న అంకెలే తగువు తీరుస్తాయి. కానీ అంకె చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. "నక్క ఎక్కడ, నాకలోకం ఎక్కడ" అనేది సామెత. నాకం అంటే స్వర్గం. చాలామంది మాత్రం నాగలోకం అనే అంటారు. రెండూ 4 గళ్ళే, తేడా అంతా రెండో గడిలో ఉంది. ఆ గడి మీదుగా నిలువు మాట ఒకటి తప్పకుండా వెళ్ళాలి. వెళ్ళే దారి లేకపోతే సామెతనే మార్చెయ్యండి.

పద్యాలదీ ఇదే కథ. వేమన పద్యాలు నోటి మీదా, తాటాకుల మీదా తిరిగి తిరిగి, 1829లో బ్రౌన్ చేతిలో అచ్చుకెక్కాయి. పాఠాంతరాలు ఉండకుండా ఎలా ఉంటాయి? జ్ఞాపకాన్ని నమ్మకుండా పుస్తకం తెరవండి. గురజాడ "కొంత మానుకు" అని రాస్తే, మన నోటికి "మానుకుని" అనే వస్తుంది.

4. ఆధారం రాయండి

ఖాళీ గీత వదిలెయ్యడం కంటే సామెతను పక్కదారిలో పట్టుకోండి. "దేశమంటే ____ కాదోయ్" బడిపిల్లల పరీక్షకి సరిపోతుంది. "గురజాడ లెక్కలో దేశం కానిది (2)" అంటే మట్టి కోసం ఒక అడుగు వెయ్యాల్సి వస్తుంది. "మొక్కినా వరమివ్వకపోతే విడిచెయ్యమంది శతకం (2)" అంటే వేల్పు.

అక్షరాల ఆట కూడా కలిస్తే ఇంకా బాగుంటుంది. పు-లు-పు ఎటు చదివినా అదే కదా, "చింత పోయినా పోనిది, ఎటునుంచి చూసినా మారనిది (3)" అనవచ్చు. రుచిని తిరగేస్తే చిరు. "చిరు వెనక్కి తిరిగితే పొరుగింటి పుల్లకూరకి వచ్చేది (2)" అన్నామంటే మెగాస్టార్ అభిమానులు కాసేపు సినిమా పేర్లు వెతుక్కుంటారు. కావలసిందీ అదే.

ఒక నుడికట్టులో ఇలాంటివి నాలుగైదు మించితే మొహం మొత్తుతుంది.

5. అల్లిక చూసుకోండి

అడ్డం మాటలో ఒత్తక్షరం ఉంటే నిలువులోనూ సరిగ్గా అదే అక్షరం రావాలి. కప్పురంబులో "ప్పు"కి పప్పు, అప్పు, నిప్పు బారులు తీరి ఉంటాయి. "బు"కి జేబు ఉంది. వేల్పులో "ల్పు" దగ్గర మాత్రం అల్పుడు లాంటివి వెతుక్కోవాలి. అందుకే ముందు సామెత మాటలు గళ్ళలో పెట్టి, చుట్టూ మిగతావి అల్లండి.

6. ఇద్దరి చేత పూరింపించండి

ఒకరు మీ వయసు వాళ్ళు కాకూడదు, ఒకరు మీ జిల్లా వాళ్ళు కాకూడదు. పక్కన కూర్చుని సాయం చెయ్యకండి. ఎక్కడ ఆగారో మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇద్దరూ ఒకే చోట ఆగితే లోపం ఆధారంలో ఉన్నట్టే, తిరగరాయండి. ఒక్కరే ఆగితే ఆ మాటను దాటే నిలువు ఆధారాన్ని కాస్త సులువు చేస్తే చాలు.

జవాబులు ఇచ్చేటప్పుడు ఒట్టి మాట ఇచ్చి ఊరుకోకుండా సామెత మొత్తం, పద్యమైతే ఆ పాదం మొత్తం అచ్చు వెయ్యండి.