మసాజుకు ముందు పది నిమిషాల మాట

నూనె గిన్నె వెచ్చబెట్టకముందే మనిషిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడండి. "యాడ నొప్పి అన్నా? ఎప్పట్నించి? ఏం చేస్తే ఎక్కువైతాది?" అని అడిగి, చోటును ఒక్క వేలితో చూపించమనండి. అనంతపురం పల్లెల్లో శెనక్కాయ చెట్లు పీకేవాళ్లకు నడుము పట్టేయడం మామూలే. కానీ నొప్పి పిరుదు మీదుగా పాదం దాకా గుంజుతూ, తిమ్మిరి కూడా ఉంటే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. నడుమును గట్టిగా నొక్కొద్దు, ముందు డాక్టరుకు చూపించమనండి. మూత్రం పట్టు తప్పుతోందంటే అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపాల్సిందే.

అన్నిటికన్నా భయపడాల్సింది ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, రుద్దినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికొస్తుంది. ఈమధ్య ఆపరేషన్ అయిందా, కాలికి కట్టు వేశారా, చాలా రోజులు మంచాన ఉన్నారా అని తప్పక అడగండి. అనుమానముంటే ఆ కాలు ముట్టుకోకుండా ఆస్పత్రికి పంపండి.

"జబ్బులేమన్నా ఉన్నాయా?" అంటే చాలామంది లేవనేస్తారు. "రోజూ ఏం మాత్రలు మింగుతారు?" అంటే బయటపడతాయి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు నూనె వేడి, మీ ఒత్తిడి తెలియవు, కాలినా చెప్పలేరు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకు గట్టిగా నొక్కితే చర్మం కమిలిపోతుంది. జ్వరముంటే వాయిదా వేయండి. శెనక్కాయలు పడనివాళ్లకు ఆ నూనె అసలు వద్దు.

చివరగా, ఎక్కడ తాకకూడదో వాళ్లతోనే చెప్పించుకోండి. నొప్పికి పదిలో ఎన్ని మార్కులో రాసుకుని, మసాజయ్యాక మళ్లీ అడగండి.