ఖైదీని సొంత దేశానికి పంపే చర్చలు: క్లాసులో ఎలా ఆడించాలి

తిరుపతిలో డిగ్రీ పిల్లలకి రాజనీతిశాస్త్రం చెబుతాను. ఏటా ఫైనల్ ఇయర్ వాళ్ళతో ఒక మధ్యాహ్నం ఒక ఆట ఆడిస్తాను. ఉగ్రవాద ఆరోపణ మీద ఒక దేశం పట్టి ఉంచిన మనిషిని అతని సొంత దేశానికి పంపడం మీద రెండు దేశాలు బేరమాడాలి. ఎలా చేస్తారని వేరే కాలేజీల లెక్చరర్లు అడుగుతుంటారు, అందుకే రాస్తున్నా.

మొదటిసారి చెడిపోయింది. తప్పు నాదే. రెండు జట్లు చేసి "ఇక కానివ్వండి" అన్నాను. పావుగంటకల్లా అది డిబేట్ పోటీ అయింది. పుత్తూరు నుంచి వచ్చే అబ్బాయి బల్ల గుద్ది "మీ మనిషిని మీరు తీసుకెళ్ళండి, మాకెందుకు?" అన్నాడు. అవతలి జట్టు "సరే, పంపండి" అంది. అంతే, ఆట అయిపోయింది. ఇంకా రెండు గంటలు మిగిలితే అందరికీ టీ తాగించి ఇళ్ళకి పంపాను.

పంపాలా వద్దా అన్నది అసలు చిక్కు కాదని అప్పుడు అర్థమైంది. చాలాసార్లు రెండు దేశాలూ పంపడానికి ఒప్పుకునే కూర్చుంటాయి. విమానం దిగిన మర్నాడు పొద్దున ఆ మనిషి ఎక్కడుంటాడు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? లోపల ఎవరైనా కొడితే బయట ఎవరికి తెలుస్తుంది? బేరమంతా ఇక్కడే. అందుకే ఇప్పుడు మొదలుపెట్టే ముందు బోర్డు మీద పెద్దక్షరాలతో "మర్నాడు పొద్దున?" అని రాస్తాను. మీరూ రాయండి.

దేశాలకి కల్పిత పేర్లే పెట్టండి. నిజమైన పేర్లు పెడితే పిల్లలు దేశభక్తిలోకి వెళ్ళిపోతారు, అరుపులు మొదలవుతాయి. నా ఆటలో పట్టి ఉంచిన దేశం శేషాచలం, సొంత దేశం స్వర్ణముఖి, అక్కడికి పంపలేకపోతే అతన్ని తీసుకోగల మూడో దేశం కల్యాణి. 24 మందుంటే ఎనిమిది, ఎనిమిది, అయిదు. మిగిలిన ముగ్గురు ఖైదీ తరఫు లాయర్లు. వాళ్ళకి సంతకం హక్కు లేదు కానీ కోర్టుకి వెళతామని బెదిరించే హక్కుంది. బయట జరిగేదీ అదే.

పేర్లు కల్పితమైనా ఉదాహరణలు నిజమైనవే ఇవ్వాలి, అదీ ముందురోజే. మూడో దేశం ఎందుకో తెలియడానికి ఉయ్‌గర్ల (చైనాలోని ఒక ముస్లిం మైనారిటీ) కాగితం ఇస్తాను. ఉగ్రవాద ఆరోపణల మీద పట్టినవాళ్ళని అమెరికా ఉంచే సైనిక జైలు గ్వాంటనామోలో 22 మంది ఉయ్‌గర్లు ఉండేవారు. చైనా వాళ్ళని అప్పగించమంది. అక్కడ చిత్రహింసలు పెడతారన్న భయంతో అమెరికా పంపలేదు. అయిదుగురిని 2006లో అల్బేనియా తీసుకుంది. 2009లో నలుగురు బెర్ముడాకి, ఆరుగురు పలావుకి వెళ్ళారు. చివరి ముగ్గురికి 2013 డిసెంబరులో స్లొవాకియా చోటిచ్చింది. అదే జైల్లోని యెమెన్ వాళ్ళ కథ ఇంకోలా ఉంటుంది. యెమెన్‌లో శిక్షణ పొందినవాడు 2009 క్రిస్మస్ రోజు అమెరికా వెళ్ళే విమానంలో బాంబు పేల్చబోయాక, 2010 జనవరిలో ఒబామా యెమెన్‌కి పంపడం ఆపేశారు. వదిలేయొచ్చని తేల్చినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి గ్వాంటనామోలోనే ఉండిపోయారు. మనిషి మీద అభ్యంతరం లేకపోయినా అతని దేశం మీద ఉంటుందన్నమాట. 2025 జనవరిలో 11 మంది యెమెనీలని ఒమన్‌కి పంపారు.

అన్నిటికన్నా ఎక్కువ టైము అబూ ఖతాదా కేసుకి ఇవ్వండి. ఆయన బ్రిటన్‌లో ఉండి, జోర్డాన్‌లో ఉగ్రవాద కేసులున్న మతబోధకుడు. బ్రిటన్ ఆయన్ని జోర్డాన్‌కి పంపడానికి 2005లోనే ఒప్పందం రాసుకుంది. హింసించబోమన్న మాట అందులో ఉంది, స్వతంత్ర సంస్థ వాళ్ళు జైలుకెళ్ళి చూసే ఏర్పాటూ ఉంది. 2012లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ హామీ చాలంది, అయినా పంపొద్దంది! ఇతరులని హింసించి రాబట్టిన వాంగ్మూలాన్ని అక్కడి విచారణలో ఈయన మీద వాడే ప్రమాదం ఉందన్నది కారణం. దాంతో రెండు దేశాలూ మళ్ళీ కూర్చుని, అలాంటి సాక్ష్యాన్ని అడ్డుకునే షరతుతో 2013లో ఇంకో ఒప్పందం చేసుకున్నాయి. ఆ జులైలో ఆయన విమానమెక్కారు. 2014లో జోర్డాన్ కోర్టే ఆయన్ని నిర్దోషి అంది. ఈ చివరి వాక్యం ఆట అయ్యాకే చెప్పండి.

మన దేశం ఇచ్చిన హామీ కూడా ఒకటి చూపించాలి. ముంబయి పేలుళ్ళ నిందితుడు అబూ సలేం కేసు అప్పగింత (విచారణ కోసం అడిగి తెచ్చుకోవడం), తిప్పి పంపడం కాదు. ఆ తేడా ముందే చెప్పాలి. కానీ పాఠం ఒకటే. మరణశిక్ష వేయం, 25 ఏళ్ళకి మించి జైల్లో పెట్టం అని 2002లో ఉప ప్రధానిగా అద్వానీ పోర్చుగల్‌కి మాటిచ్చారు. 2005లో అతన్ని తెచ్చారు. ఆ మాటకి ప్రభుత్వం కట్టుబడాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందటి ఉత్తరం అని పిల్లలు నోరెళ్ళబెడతారు.

ఇక కవర్లు. ప్రతి జట్టుకీ ఒక రహస్య కాగితం: ఏది వదులుకోవచ్చు, ఏది వదలకూడదు. శేషాచలం కవరులో రెండేళ్ళ ప్రయాణ నిషేధం, నెలనెలా సమాచారం అడగమని రాస్తాను. చిత్రహింసల ప్రమాదం ఉందని నమ్మడానికి గట్టి కారణాలున్న చోటికి పంపకూడదన్న, ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలోని మూడో అధికరణం కూడా అందులోనే. (ఆ ఒప్పందం మీద మనం 1997లో సంతకం పెట్టాం, ఇంకా ధ్రువీకరించలేదు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.) కల్యాణికి ఖర్చు ఎవరు భరిస్తారన్నది చాలు.

స్వర్ణముఖి కవరే కష్టం. దాన్ని పరువు నడిపిస్తుంది. నేరం రుజువు కాని మా పౌరుణ్ణి ఉగ్రవాది అని రాసిన కాగితం మీద సంతకం పెట్టం. హింసించబోమని రాసివ్వం, రాసిస్తే ఇన్నాళ్ళూ హింసించామని ఒప్పుకున్నట్టే కదా? చంద్రగిరి అమ్మాయి ఒకతె దీన్ని నాకన్నా బాగా చెప్పింది: "సంబంధం మాట్లాడేటప్పుడు, మీ వాడు పెళ్ళాన్ని కొట్టడని కాగితం రాసివ్వండి అంటే ఎట్లుంటుంది మేడమ్?" ఆ ఏడాది వాళ్ళే దారీ కనిపెట్టారు. హామీ మాట తీసేసి, "రెండు దేశాల జైళ్ళకీ వర్తించే పర్యవేక్షణ" అని రాశారు. పరువూ దక్కింది, జైలుకెళ్ళి చూసేవాళ్ళూ దొరికారు.

ముప్పావుగంట బల్ల దగ్గర మాట్లాడించి, 20 నిమిషాలు టీకి వదలండి. ఈ విరామం ఎత్తేయొద్దు. బల్ల దగ్గర బిగుసుకున్నవాళ్ళు వరండాలో మసాలా వడ తింటూ దిగొస్తారు. నేనైతే కిటికీ దగ్గర నిలబడి వింటాను, కలగజేసుకోను.

తర్వాత ఒప్పందం రాయాలి, ఒకే పేజీ. ఇక్కడ ఎర్ర పెన్ను పట్టుకోండి. "తగిన చర్యలు తీసుకోబడును" అని కనిపిస్తే కొట్టేయండి. ఎవరు తీసుకుంటారు? ఏ తేదీలోపు? "ఖైదీ కుటుంబానికి 48 గంటల్లో జైలు అధికారి ఫోన్ చేయాలి" అన్నది షరతు. "కుటుంబానికి సమాచారం అందించబడును" అన్నది ఉగాది శుభాకాంక్షల లాంటిది.

చివర్లో ఆటలో లేని ఒకరిని పిలవండి. మా ఆఫీసు అటెండరు గారు ప్రతి ఏడాదీ ఈ వేషం ఇష్టంగా వేస్తారు. ఆయన స్వర్ణముఖి ఎస్సై. ఆ పేజీ చదివి, రేపు పొద్దున స్టేషన్లో ఏం చేస్తానో చెప్పాలి. ఎక్కడ ఆగి "ఇది నేను చేయాల్నా, ఇంకెవరైనానా?" అంటారో ఆ షరతుకి మార్కులు లేవు. పోయినసారి ఎనిమిదింటిలో మూడే నిలిచాయి.

నాలుగున్నరకి ముగించండి, బస్సులున్న పిల్లలుంటారు. కవర్లు మాత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. నిరుడు ఒకటి తగ్గింది, ఈ ఏడాది స్వర్ణముఖి వదులుకోలేనివన్నీ శేషాచలానికి ముందే తెలుసు. అన్నీ మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది.